ఆడని ఆటగాడి హక్కులు: అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీస్ స్క్వాడ్ నియమాలు – మొయినాబాద్ మైదానం

1. ప్రవేశిక

హైదరాబాద్ నుండి చేవెళ్ల వైపు సాగే బీజాపూర్ రహదారిపై, మొయినాబాద్ మండలంలోని అజీజ్‌నగర్‌లో డెక్కన్ ఎరీనా అనే ఫుట్‌బాల్ మైదానం ఉంది. శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ క్లబ్‌కు ఇది సొంత గడ్డ. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలలో భారీ నిర్మాణాలను నియంత్రించింది. మొయినాబాద్ పరిసరాలు ఆ పరిధిలోనివే. మహానగరానికి ఇంత చేరువలో ఇంత బయలు మిగలడానికి ఆ ఉత్తర్వు ఒక కారణం కావచ్చు.

ఏ క్లబ్ మైదానంలోనైనా ప్రతి ఉదయం సాధన చేసేవారు ఎక్కువ, ఆటనాడు బరిలోకి దిగేవారు తక్కువ. ఫుట్‌బాల్‌లో పదకొండు మందికే చోటు. మరికొందరు ప్రత్యామ్నాయ ఆటగాళ్లుగా బయట కూర్చుంటారు. ఆ జాబితాలోనూ పేరు లేనివారు అదే ఎండలో అదే పరుగు పెట్టి, ఆటనాడు ప్రేక్షకులుగా మిగులుతారు. జట్టుకు వారి అవసరం లేదా అంటే, ఉంది. వారు లేకుంటే సాధనే సాగదు. మరి వారి నిరీక్షణకు ధర కట్టేదెవరు? ఆ నిరీక్షణ నుండి బయటపడే దారి ఎవరి చేతిలో ఉంది? ఈ రెండు ప్రశ్నలకూ అక్షరాలా రాసిన నియమాలతో జవాబు చెప్పిన వ్యవస్థ అమెరికన్ ఫుట్‌బాల్‌లోని ‘ప్రాక్టీస్ స్క్వాడ్’. ఆ నియమాలు ఎలా పనిచేస్తాయో వివరించి, అదే కొలమానంతో తెలుగు నేలమీది ఆటగాడి స్థితిని పరిశీలించడం ఈ వ్యాసం పని. ఇందులో ‘ఫుట్‌బాల్’ అన్నచోట మనకు తెలిసిన, కాలితో ఆడే ఆటనే గ్రహించాలి. చేతితో బంతి పట్టి పరుగెత్తే ఆటను ‘అమెరికన్ ఫుట్‌బాల్’ అని విడిగా పేర్కొనడమైనది.

2. టాక్సీ కంపెనీ జీతపు పట్టీ

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తొలినాళ్లలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు పాల్ బ్రౌన్ శిక్షకుడు. జట్టు జాబితాలో పరిమిత సంఖ్యకు మించి ఆటగాళ్లను ఉంచుకునే వీలు లేదు. పరిమితికి బయట మిగిలినవారిని వదులుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. జట్టు యజమాని మిక్కీ మెక్‌బ్రైడ్‌కు టాక్సీ వ్యాపారం ఉంది. మిగులు ఆటగాళ్లను టాక్సీ కంపెనీ జీతపు పట్టీలో చేర్చారు. వారు నడిపిన టాక్సీల కంటె చేసిన సాధనే ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు. అలా పుట్టిన ‘టాక్సీ స్క్వాడ్’ అనే మాట నేటికీ వాడుకలో ఉంది.

ఇందులో గమనించదగినది ఉపాయం కాదు, దాని స్వభావం. ఆటగాడు జట్టుకు చెందినవాడే, కాని కాగితం మీద కాడు. పేరు లేనిచోట హక్కూ ఉండదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఇకపై ఎన్.ఎఫ్.ఎల్.) ఈ చాటుమాటు వ్యవహారాన్ని నిబంధనల కిందికి తెచ్చింది 1989లో. అప్పుడు దానికి పెట్టిన పేరు ‘డెవలప్‌మెంటల్ స్క్వాడ్’. నేటి పేరు ఆ తరువాతి కాలంలో స్థిరపడింది.

3. యాభై ముగ్గురు, పదహారుగురు

ఎన్.ఎఫ్.ఎల్.లో 32 జట్లు ఉన్నాయి. వేసవి శిబిరంలో ఒక్కొక్క జట్టు 90 మందిని పరీక్షిస్తుంది. ఆగస్టు చివరికి ఆ సంఖ్యను 53కు కుదించాలి. అంటే ఒక్కరోజు గడువుతో వెయ్యిమందికి పైగా ఆటగాళ్లు పని కోల్పోతారు. అలా తొలగింపబడినవారిలో నాలుగు సీజన్ల సర్వీసు పూర్తికానివారు మొదట ‘వైవర్’ అనే ప్రక్రియ గుండా వెళ్లాలి. మిగిలిన 31 జట్లలో ఏదైనా తనకు కావాలని కోరితే ఆటగాడు ఆ జట్టు 53 మందిలోకి వెళ్తాడు. ఎవరూ కోరకపోతేనే అతడు స్వతంత్రుడు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి పిలుపు వచ్చేది ఈ దశ దాటిన తరువాతే. చాలా సందర్భాలలో పిలిచేది నిన్న తొలగించిన జట్టే.

స్క్వాడ్ పరిమాణం కాలక్రమంలో పెరిగింది. 2004లో 8, 2014లో 10. 2020లో కుదిరిన సమష్టి ఒప్పందం దీనిని 12కు పెంచగా, కోవిడ్ మహమ్మారి వలన అదే యేడు 16 చేశారు. మహమ్మారి పోయినా ఆ పదహారు స్థానాలు నిలిచిపోయాయి. 2024 నుండి విదేశీ ఆటగాడికోసం ప్రతి జట్టుకూ పదిహేడవ స్థానం అనుమతించారు. ఈ పదహారింటిలో పది స్థానాలు అనుభవం తక్కువగలవారికి, అనగా రెండు సీజన్లకు మించి సర్వీసు లెక్కకు రానివారికి ప్రత్యేకం. తక్కిన ఆరింటికి అనుభవ పరిమితి లేదు. వ్యవస్థ పుట్టింది కుర్రవాళ్లను తీర్చిదిద్దడానికి. ఇప్పుడు అందులో పదేళ్లు ఆడిన సీనియరూ కనిపించవచ్చు.

వీరి వారపు పని ప్రధానంగా అనుకరణ. రాబోయే ఆదివారం ఎదుర్కోబోయే ప్రత్యర్థి ఎత్తుగడలను సాధనలో ఆడి చూపడం, తమ జట్టు ప్రధాన ఆటగాళ్లకు ఆ ప్రత్యర్థిగా నిలబడడం. పదిహేను రోజుల్లో ఇద్దరు ముగ్గురు వేరువేరు ఆటగాళ్ల శైలిని ఒంటబట్టించుకోవలసి వస్తుంది. తన శైలి చూపే అవకాశం మాత్రం తక్కువే.

వేతనం సంగతి. 2025లో అనుభవం తక్కువగల ప్రాక్టీస్ స్క్వాడ్ ఆటగాడికి వారానికి 13,000 డాలర్లు. పద్దెనిమిది వారాలూ నిలిస్తే 2,34,000 డాలర్లు. అదే సంవత్సరం 53 మంది జాబితాలో చేరిన కొత్త ఆటగాడి కనీస వేతనం 8,40,000 డాలర్లు, అంటే వారానికి 46,000 పైచిలుకు. ఒకే గదిలో దుస్తులు మార్చుకునే ఇద్దరి మధ్య తేడా మూడున్నర రెట్లకు మించి ఉంది. పైగా ‘పద్దెనిమిది వారాలూ నిలిస్తే’ అన్న షరతు చిన్నది కాదు. ఒప్పందం వారం వారం నడిచేది, ఏ మంగళవారమైనా తెగిపోగలది. స్క్వాడ్‌లో గడిపిన వారాలు సర్వీసు సీజన్ లెక్కలోకి రావు గనుక, పూర్తి స్వేచ్ఛతో జట్టును ఎంచుకునే దశ అంతమేరకు వెనక్కు జరుగుతుంది.

4. తలుపు ఎటు తెరుచుకుంటుంది

ప్రాక్టీస్ స్క్వాడ్ నియమాలలో అసలు సారం రాకపోకలలో ఉంది. లోపలి దారి ఒకటి, బయటి దారి ఒకటి.

లోపలి దారిని ‘ఎలివేషన్’ అంటారు. ఆటకు ముందురోజు జట్టు ఇద్దరిని మించకుండా ప్రాక్టీస్ స్క్వాడ్ నుండి పైకి తీసుకోవచ్చు. ఆ వారానికి 53 కాస్తా 55 అవుతుంది. వారిలో ఆటనాడు సిద్ధంగా ఉండదగినవారు 48 మంది, అదీ వరుసలో నిలబడి అడ్డుకునే దిట్టలు కనీసం ఎనిమిది మంది ఉంటేనే. పైకి వెళ్లిన ఆటగాడికి ఆ వారం ప్రధాన జాబితా వేతనం దక్కుతుంది. ఆట ముగియగానే వైవర్ ప్రమాదం లేకుండా తిరిగి స్క్వాడ్‌లోకి దిగిపోతాడు. ఇక్కడే ఒక అడ్డుకట్ట ఉంది. రెగ్యులర్ సీజన్‌లో ఒకే ఆటగాడిని ఇలా మూడుసార్లకు మించి పిలవరాదు. నాలుగోసారి కావాలంటే 53లో చోటు ఇవ్వవలసిందే. మూడుసార్లు అవసరమైనవాడు అవసరమైనవాడే అని నిబంధన తీర్పు చెప్పినట్లయింది. చౌకగా వాడుకొని దింపేసే వీలును ఇంతకంటె సూటిగా అరికట్టడం కష్టం.

బయటి దారి మరింత ఆసక్తికరం. ప్రాక్టీస్ స్క్వాడ్ ఆటగాడిపై జట్టుకు యాజమాన్య హక్కు లేదు. వేరే ఏ జట్టయినా వచ్చి అతడిని తన్నుకుపోవచ్చు, అతడు ఒప్పుకుంటే చాలు. కాని తీసుకుపోయేవారు తమ 53 మంది జాబితాలోనే చేర్చుకోవాలి, కనీసం మూడు వారాల వేతనం చెల్లించాలి. ఒకరి ప్రాక్టీస్ స్క్వాడ్ నుండి మరొకరి ప్రాక్టీస్ స్క్వాడ్‌కు నేరుగా లాగడానికి వీల్లేదు. అంటే ఆటగాడు కదిలితే మేడ మీదికే కదలాలి. రహస్యాలు రాబట్టే ఎత్తుగడకూ ఒక కట్టు ఉంది. వచ్చే ఆటలో తలపడబోయే జట్టు, ఆటకు ఆరు రోజుల లోపు, ప్రత్యర్థి స్క్వాడ్ ఆటగాడిని తీసుకోరాదు. జట్టు తరఫున ఉన్న రక్షణ ఒక్కటే: ప్రతివారం నలుగురి పేర్లను ‘రక్షితులు’గా ప్రకటించవచ్చు. ఆ వారం ఆట ముగిసేదాకా వారిని ఇతరులు తాకరాదు. ఈ ఏర్పాటు 2020లో వచ్చింది. రక్షణ అన్న మాట జట్టు వైపు నుండి చూస్తేనే సరిపోతుంది, ఆటగాడి వైపు నుండి అది గొళ్లెం.

ఈ తలుపు ఎంత విలువైనదో ఒక్క ఉదాహరణ చాలు. 2017లో సిన్సినాటి బెంగాల్స్ జట్టు జేక్ ఇలియట్ అనే కిక్కర్‌ను ఎంపిక చేసుకొని, శిబిరం చివర ప్రాక్టీస్ స్క్వాడ్‌కు పంపింది. సీజన్ తొలివారంలోనే ఫిలడెల్ఫియా ఈగిల్స్ కిక్కర్ గాయపడ్డాడు. ఆ జట్టు ఇలియట్‌ను తీసుకుపోయింది. సెప్టెంబర్ 24న న్యూయార్క్ జెయింట్స్‌పై చివరి క్షణంలో అతడు 61 గజాల దూరం నుండి బంతిని కమ్మీల మధ్యకు తన్ని ఆట గెలిపించాడు. 2018 ఫిబ్రవరి 4న ఈగిల్స్ తమ తొలి సూపర్ బౌల్ గెలిచింది. ఆ ఆట చివరి నిమిషాలలోనూ అతడి కిక్కు ఉంది. సిన్సినాటికి అతడిని పట్టి ఉంచే హక్కు ఉండి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. ఇది అరుదైన కథే. స్క్వాడ్‌లో చేరినవారిలో అనేకులు ఒక్క ఆటా ఆడకుండానే వెనుదిరుగుతారు. అయినా నిబంధన విలువను గెలిచినవారి సంఖ్యతో కొలవరాదు.

5. వెయ్యి డాలర్ల దావా

పై నియమాలు యజమానుల ఉదారత వలన రాలేదు. 1989లో స్క్వాడ్ మొదలైనప్పుడు ప్రతి జట్టుకూ ఆరుగురు, ప్రతివారికీ వారానికి 1,000 డాలర్లు, అందరికీ ఒకే ధర అని లీగ్ ప్రతిపాదించింది. ఎవరి వేతనం వారే మాట్లాడుకునే స్వేచ్ఛ ఉండాలని ఆటగాళ్ల సంఘం పట్టుబట్టింది. చర్చలు ప్రతిష్టంభనలో పడ్డాయి. లీగ్ తన ధరను తానే అమలు చేసింది. 1990లో ఆంటొనీ బ్రౌన్ మొదలైన 235 మంది ఆటగాళ్లు దావా వేశారు. పోటీపడవలసిన యజమానులంతా కూడబలుక్కొని ఒకే ధర నిర్ణయించడం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని వారి వాదన. జ్యూరీ వారి పక్షాన తీర్పునిచ్చింది. చట్టం ప్రకారం మూడింతలు చేసిన నష్టపరిహారం మూడుకోట్ల డాలర్లు దాటింది.

పై కోర్టు ఆ తీర్పును తిప్పివేసింది. 1996లో ‘బ్రౌన్ వర్సెస్ ప్రో ఫుట్‌బాల్’ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు మరొకవైపుగా లీగ్ పక్షాన నిలిచింది. యూనియన్‌తో నిజాయితీగా బేరసారాలు సాగి ప్రతిష్టంభన ఏర్పడినప్పుడు, యజమానులు తమ చివరి ప్రతిపాదనను కలిసి అమలు చేయడం కార్మిక చట్టాల పరిధిలోనిదనీ, దానిని గుత్తాధిపత్య చట్టంతో కొలవరాదనీ జస్టిస్ బ్రేయర్ రాశారు. భిన్నాభిప్రాయం జస్టిస్ స్టీవెన్స్‌ది.

ఆటగాళ్లు ఓడారు. కాని ఆ ఓటమి ఒక విషయం తేల్చింది: వేతనం పెరగాలంటే దారి కోర్టు కాదు, బేరసారాల బల్ల. ఆ తరువాతి ఒప్పందాలలో ప్రాక్టీస్ స్క్వాడ్ వేతనం, ఎలివేషన్ పరిమితి, మూడు వారాల హామీ వరుసగా అక్షరరూపం దాల్చాయి. జాబితాలో చోటు లేని ఆటగాడి తరఫున మాట్లాడింది చోటు ఉన్నవారి సంఘమే. ఈ అంశాన్ని గుర్తుంచుకుంటేగాని హైదరాబాద్ పరిస్థితి బోధపడదు.

6. పోలీసు జట్టు, నెట్ బౌలర్

క్లీవ్‌లాండ్ ఆటగాళ్లు టాక్సీ కంపెనీ పట్టీలో ఉన్న కాలానికి అటూ ఇటూగా హైదరాబాద్ ఆటగాళ్లు పోలీసు శాఖ పట్టీలో ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం రహీమ్ శిక్షకుడిగా భారత్ సాధించినవే. పైకి రెండు ఏర్పాట్లూ ఒకటే అనిపిస్తాయి, ఆటకు ఇచ్చే జీతం మరో పద్దు కింద రాయడం. తేడా చాలా లోతైనది. టాక్సీ పట్టీ ఒక ముసుగు, పోలీసు కొలువు నిజమైన కొలువు. ఆటలో చోటు పోయినా శాఖలో చోటు పోదు. పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లతో నడిచిన ఆ వ్యవస్థలో బెంచీ మీది ఆటగాడికి వేతనమూ పింఛనూ ఉండేవి. వేరే జట్టుకు వెళ్లడమంటే మాత్రం ఉద్యోగం వదులుకోవడమే. భద్రత దండిగా ఉంది, తలుపు లేదు.

దీనికి సరిగ్గా ఎదురు కొస ఐపీఎల్ నెట్ బౌలర్. అతడు జట్టు జాబితాలో ఉండడు, వేలంలో ఉండడు, బ్యాటర్ల సాధనకు బంతులు వేస్తాడు. ప్రాక్టీస్ స్క్వాడ్‌కు భారత క్రీడారంగంలో పనిరీత్యా అతి దగ్గరి పోలిక ఇదే. 2021 సెప్టెంబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ పేసర్ టి. నటరాజన్‌కు దుబాయిలో కోవిడ్ సోకింది. తాత్కాలిక ప్రత్యామ్నాయంగా నెట్ బౌలర్ ఉమ్రాన్ మాలిక్‌ను తీసుకున్నారు. అక్టోబర్ 3న అతడు తొలి ఆట ఆడాడు. ఆ యేడాది చివర జట్టు అతడిని నాలుగు కోట్ల రూపాయలకు అట్టిపెట్టుకుంది. విశేషమేమంటే నటరాజన్ కూడా అదే మెట్టు ఎక్కినవాడే. 2020లో భారత జట్టుతో నెట్ బౌలర్‌గా ఆస్ట్రేలియా వెళ్లి, ఆ ఒక్క పర్యటనలోనే మూడు ఫార్మాట్లలోనూ అరంగేట్రం చేశాడు. అమెరికన్ పరిభాషలో చెప్పాలంటే ఇవన్నీ ఎలివేషన్లే. కాని నెట్ బౌలర్‌ను ఎన్నిసార్లు, ఏ వేతనానికి, ఎంతకాలం వాడుకోవచ్చో చెప్పే సమష్టి ఒప్పందం ఏదీ లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది, ఇంటికి గోడలే లేవు.

7. అజీజ్‌నగర్‌లో నిరీక్షణ

శ్రీనిధి డెక్కన్ 2015లో ఏర్పడింది. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య విశాఖపట్నం కేంద్రంగా దీనికి ఐ-లీగ్ ప్రవేశం ఇచ్చింది. 2021–22లో తొలి సీజన్ ఆడి మూడవ స్థానంలో నిలిచింది. తరువాత మొయినాబాద్ గడ్డకు చేరి 2022–23లోనూ, 2023–24లోనూ రెండవ స్థానం పొందింది. ఈ రెండు సంవత్సరాలలోనూ విజేతకు మాత్రమే పై అంతస్తయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రవేశం. మొదటిసారి పంజాబ్, రెండవసారి మహమ్మదన్ స్పోర్టింగ్ ఆ తలుపు దాటాయి. ఆటగాళ్ల సంగతి అటుంచి, క్లబ్బే నిరీక్షణలో ఉంది.

ఇక్కడి ఆటగాడి స్థితిని నిర్ణయించేది అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య (ఫిఫా) బదిలీ నిబంధనలు. వారపు ఒప్పందం అనేది లేదు. వృత్తి ఆటగాడి ఒప్పందం సాధారణంగా సీజన్ల లెక్కన ఉంటుంది. ఈ ఒక్క విషయంలో అతడు అమెరికన్ సోదరుడికంటె మెరుగు, మంగళవారం ఉదయం ఇంటికి పంపేయడం అంత సులభం కాదు. అయితే ఆ ఒప్పందమే అతడిని కట్టివేస్తుంది. ఏటా రెండు నమోదు గడువులలోనే బదిలీ సాధ్యం. అదీ క్లబ్ అంగీకరిస్తేనే. మూడు కిలోమీటర్ల దూరంలోని మరో క్లబ్‌లో అదే స్థానంలో ఆటగాడు గాయపడినా, నవంబరులో అతడు కదలలేడు. ఇలియట్ కథ ఇక్కడ జరగదు.

నిబంధనల రచయితలకు ఈ సంగతి తెలియకపోలేదు. ఫిఫా నిబంధనల 15వ అధికరణం ‘క్రీడాపరమైన సముచిత కారణం’ అనే ఒక దారి చూపింది. సీజన్‌లో క్లబ్ ఆడిన అధికారిక ఆటలలో పదిశాతం కంటె తక్కువ ఆటలలో పాల్గొన్న ఆటగాడు ఆ కారణంపై ఒప్పందాన్ని గడువుకు ముందే ముగించుకోవచ్చు. సీజన్ చివరి ఆట తరువాత పదిహేను రోజుల లోపే ఈ హక్కును వాడుకోవాలి. ఆట నిషేధం ఉండదు, పరిహారం మాత్రం కట్టవలసి రావచ్చు. చదవగానే ఇది ప్రాక్టీస్ స్క్వాడ్ తలుపుకు సమానమనిపిస్తుంది. మెలిక ఒక్క మాటలో ఉంది. ఆ హక్కు ‘స్థిరపడిన వృత్తి ఆటగాడి’దే. శిక్షణ ముగియని పందొమ్మిదేళ్ల కుర్రవాడు ఆ నిర్వచనంలో ఇమడడు. అత్యధికంగా వేచి ఉండేవాడికే ఆ దారి మూసి ఉంది.

అతడికి మిగిలింది లోన్ పద్ధతి, అనగా కొంతకాలం వేరే క్లబ్‌కు అరువు వెళ్లడం. 2022 జూలై నుండి ఫిఫా అంతర్జాతీయ లోన్‌లకు హద్దులు గీసింది. ఒక లోన్ ఏడాదికి మించరాదు. ఒక క్లబ్ బయటకు పంపే, లోపలికి తెచ్చే ఆటగాళ్ల సంఖ్య 2024 నుండి ఆరుకు పరిమితం. క్లబ్ సొంతంగా తయారుచేసిన ఇరవైయొకటేళ్ల లోపువారికి ఆ సంఖ్యాపరిమితి వర్తించదు. కుర్రవాళ్లు ఆడాలనే సదుద్దేశం ఇందులో ఉంది. కాని తాళంచెవి మాత్రం క్లబ్ చేతిలోనే ఉంది. జాతీయ సమాఖ్య తానే నడిపిన ఇండియన్ యారోస్ జట్టు ఒకప్పుడు కుర్రవాళ్లను నేరుగా ఐ-లీగ్‌లో ఆడించేది. 2010లో మొదలై, నడుమ నిలిచి, 2017లో మళ్లీ లేచిన ఆ ప్రయోగం 2022లో ముగిసింది.

తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే ఏమవుతుందో చూపిన సందర్భమూ హైదరాబాద్‌లోనే ఉంది. 2021–22 ఇండియన్ సూపర్ లీగ్ విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ, రెండేళ్లు తిరగకముందే ఆర్థిక ఇబ్బందులలోనూ ఫిఫా బదిలీ నిషేధంలోనూ చిక్కుకుంది. 2024 జనవరి నాటికి విదేశీయులు, పేరున్న ఆటగాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన సీజన్‌ను థాంగ్‌బోయ్ సింగ్టో శిక్షణలో ప్రధానంగా రిజర్వు కుర్రవాళ్లతోనే నడిపారు. జట్టు అట్టడుగున నిలిచింది. ఆ కుర్రవాళ్లకు మాత్రం అగ్రశ్రేణి ఆటలు దక్కాయి, ఎవరో నియమం రాసినందువలన కాదు, జట్టు ఖాళీ అయినందువలన.

భారత ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ల సంఘం ఉంది. కాని రిజర్వు ఆటగాడి కనీస వేతనాన్నీ, అతడిని ఎన్నిసార్లు పిలిచి దింపవచ్చో ఆ సంఖ్యనూ లీగ్‌తో కూర్చొని రాయించిన సమష్టి ఒప్పందం లేదు. ఎలివేషన్‌కు మూడుసార్ల హద్దు వంటి నిబంధనకు పెద్ద ఖర్చేమీ ఉండదు. ఇన్ని ఆటలలో ప్రత్యామ్నాయ జాబితాకు పిలిచినవాడికి ప్రధాన జట్టు వేతనం ఇవ్వాలని ఒక్క వాక్యం చాలు. అలాగే 15వ అధికరణపు పదిశాతం లెక్కను ఇరవైయొకటేళ్ల లోపువారికి ఒప్పందం రద్దుగా కాక, లోన్ కోరే హక్కుగా వర్తింపజేయడం జాతీయ సమాఖ్య పరిధిలో ఆలోచించదగిన సవరణ. క్లబ్ పెట్టిన శిక్షణ ఖర్చుకు ఫిఫా శిక్షణ పరిహార విధానం ఇప్పటికే రక్షణ ఇస్తున్నది గనుక, క్లబ్‌కు అన్యాయం జరుగుతుందన్న అభ్యంతరానికి బలం తక్కువ.